రెండు-నాలుగు

ఈ రోజు చెప్పుకోదగ్గ పనేమీ చెయ్యలేదు. గుడికెళ్ళాం, గాజులు కొన్నాం, వచ్చేశాం. అయినా నిద్ర పట్టక రాస్తున్నాను.

పొద్దున్నే అత్తయ్య అరసవిల్లి వెళ్దామన్నారు. ఆదివారం అక్కడ జనం ఎలా ఉంటారో తెలిసి కూడా ఆవిడ ఆదివారమే అడుగుతారు. సూర్యభగవానుడి వారం మరి. శ్రీకాకుళంలో ఆటో ఎక్కితే ఎంతోసేపు పట్టదు కాబట్టి తప్పించుకోడానికి సాకు కూడా ఉండదు. పొడుగు చేతుల జాకెట్లన్నీ ఉతకడానికి వేసేశాను, పొట్టి చేతులది ఒక్కటే మిగిలింది. ఒకప్పుడైతే ఆ ఒక్క కారణానికి గుడి మానేసేదాన్ని.

నాకు బొల్లి. పన్నెండో ఏట మోచేతి మీద పెసరగింజంత మచ్చతో మొదలైంది. పదో తరగతికి వచ్చేసరికి రెండు చేతులూ, పెదవి అంచూ, లంగా బొందు కట్టుకునే చోట నడుం చుట్టూ. "మీ తాత పొలంలో పామును కొట్టేసినాడు, ఆ శాపమే ఈ గుంటకి తగిలింది" అని నాన్నమ్మ తేల్చేసింది. పాలూ చేపలూ కలిపి తినుంటానని ఎదురింటావిడ. బావంచాలనే గింజలు నూరి రాసి నన్ను పెరట్లో ఎండలో కూర్చోబెట్టారు. ఎంతసేపన్నది ఎవరూ చూసుకోలేదు. చేతులు బొబ్బలెక్కిపోయాయి. ఆ గింజల్లో సోరాలిన్ ఉంటుందనీ, ఎండ తగిలితే పనిచేస్తుందనీ, డాక్టర్లు అదే మందును కొలిచి, లైటు కింద లెక్కపెట్టి వాడతారనీ చాలా ఏళ్ళకి తెలిసింది. నాన్నమ్మకి మందు తెలుసు, మోతాదే తెలీదు. పాము సంగతి మాత్రం క్షమించలేను.

ఆ రోజుల్లో కూడా అరసవిల్లికి తెచ్చేవారు. కృష్ణుడి కొడుకు సాంబుడికి తండ్రి శాపంతో కుష్టు రావడం, సూర్యుణ్ణి కొలిస్తే పోవడం, ఈ కథ ఎన్నిసార్లు విన్నానో. కుష్టు వేరు, బొల్లి వేరు. కానీ మనవాళ్ళు దీనికి శ్వేతకుష్టు అని పేరుపెట్టి రెండింటినీ ఒకే గాటన కట్టేశారు. ఇంటర్లో మా తెలుగు మేస్టారు మయూరుడనే కవి కథ చెప్పారు, కూతురి శాపంతో రోగం వస్తే సూర్యశతకం రాసి పోగొట్టుకున్నాడని. ఆ రాత్రే నేనూ నోటుబుక్కులో ఆటవెలదులు మొదలుపెట్టాను. పదకొండు దగ్గర ఆగిపోయాయి, గణాలు కుదర్లేదు. మచ్చలు పోలేదు గానీ తెలుగు టీచర్నయ్యాను. ఆ ఉద్యోగంలో నాకు నచ్చిన మొదటి విషయం సుద్దముక్క. బోర్డు దగ్గర నిలబడితే అందరి వేళ్ళూ తెల్లవే.

కాలేజీలో చదివే రోజుల్లో, పిన్ని కూతురి పెళ్ళిలో హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. పిన్ని వచ్చి ఏమీ అనకుండా పళ్ళెం తీసి పక్కమ్మాయికిచ్చింది. పిన్ని మీద కోపం రాలేదు. నా చేతుల మీద వచ్చింది. ఇంటికొచ్చి మచ్చల మీద గోరింటాకు మెత్తి పడుకున్నాను. తెల్లారేసరికి తెల్లమచ్చలు కాస్తా నారింజ మచ్చలయ్యాయి. రెండు వారాలు కాలేజీకి వెళ్ళలేదు.

తర్వాత విశాఖపట్నంలో ఒక చర్మ డాక్టరు గారు గ్లోవ్స్ లేకుండా నా చెయ్యి పట్టుకుని మచ్చల్ని తడిమి చూశారు. ఇది అంటుకోదు, ఎవరి పాపమూ కాదు, నీ ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలే రంగు తయారుచేసే కణాల్ని శత్రువులనుకుని కొడుతున్నాయి, అన్నారు. ఒరిపిడి ఉన్నచోట కొందరికి కొత్త మచ్చలు వస్తాయట, అదీ బొందు సంగతి. నాకు నవ్వొచ్చింది. ఒళ్ళు చేస్తున్న పనే నేనూ చేస్తున్నాను కదా, ఇన్నేళ్ళుగా.

పెళ్ళి ఏడో సంబంధానికి కుదిరింది. చేతులు కనిపించేలాగే కాఫీ ఇచ్చాను. ఆయన చూసి "మా అమ్మతో మాట్లాడాలి" అన్నారు. ఆ నిజాయితీ నచ్చింది. వాళ్ళమ్మ ఒప్పుకోడానికి నాలుగు నెలలు పట్టింది. పెళ్ళయ్యాక కూడా ఏడాదిపాటు నేను కలిపిన పిండితో చపాతీ తినలేదు. మా అత్తయ్య దేవత అని రాయను, రాస్తే ఆవిడే నవ్వుతారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక కాలికి నూనె రాసేవాళ్ళు లేక నాకు అప్పగించారు. ఇప్పుడు వాళ్ళమ్మాయి రాస్తానన్నా వద్దంటారు.

గాజుల దగ్గరికి వస్తాను. నేనెప్పుడూ కొట్లో చెయ్యి చాపను. "రెండు-ఆరు డజను ఇవ్వండి" అని, ఇంటికి తెచ్చుకుని వేసుకుంటాను. ఈ రోజు గుడి బయట అత్తయ్య నా మణికట్టు పట్టుకుని గాజులాయన ముందు పెట్టేశారు. ముసలాయన. చెయ్యి తిప్పి చూసి "నొప్పి ఉంటాదా అమ్మా?" అన్నాడు. లేదన్నాను.

"ఏటి సైజు?"

"రెండు-ఆరు."

నా వేళ్ళన్నీ దగ్గరికి కూర్చి, బొటనవేలి మొదట్లో ఎముకను లోపలికి నొక్కాడు. మెల్లిగా, ఎక్కడా ఒరుసుకోకుండా ఒక గాజు ఎక్కించాడు. "రెండు-నాలుగు సరిపోతాదమ్మా. నీ చెయ్యి మెత్తన."

ఇన్నేళ్ళూ వదులు గాజులేసుకుని తిరిగానన్నమాట.

అక్కడితో అయిపోలేదు. అత్తయ్య ఎరుపు తియ్యమన్నారు. ఈ చేతికి ముదురాకుపచ్చ బాగుంటాదని ఆయన. "నా కోడలి చెయ్యి నాకు తెలీదా" అని ఈవిడ. వెనక జనం నిలబడిపోయారు. చివరికి రెండు రంగుల్లోనూ ఒక్కో డజను తీసుకున్నాం. నన్నెవరూ అడగలేదు.

రాత్రి అంట్లు తోముతుంటే ఎర్రగాజు ఒకటి చిట్లింది. అత్తయ్యకింకా చెప్పలేదు. నిజానికి నాకు నీలం ఇష్టం. వచ్చే ఆదివారం అడగాలి.