పెట్టె మీద ఏం రాయాలి?

పెన్సిల్వేనియాలో ఒక చిన్న కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే కౌంటర్‌లో కాదు. పై అంతస్తులో ఎప్పుడూ తాళం వేసి ఉండే విభాగం ఒకటుంది, ఆర్కైవ్స్ అండ్ స్పెషల్ కలెక్షన్స్ అంటారు. కాలేజీ పెట్టిన కొత్తలో రాసిన మినిట్స్ పుస్తకాలు, పాత విద్యార్థుల డైరీలు, ఇంటికి రాసుకున్న ఉత్తరాలు, ఫోటో ఆల్బమ్‌లు, అరుదైన పుస్తకాలు అన్నీ అక్కడే ఉంటాయి. వచ్చి అడిగిన ఎవరికైనా చూపిస్తాం. బయటికి మాత్రం ఇవ్వం.

తెలుగువాళ్ళ ఇళ్ళలో భోజనాలకి కలిసినప్పుడు ఏం చేస్తున్నావమ్మా అని అడుగుతారు. చెప్పాక, "ఓ, పాత కాగితాలు సర్దడమా" అంటారు. సర్దడం ఉంది నిజమే. కానీ సర్దిన తర్వాత పెట్టె మీద ఏం రాయాలి, కేటలాగ్‌లో ఏం రాయాలి అన్నదే అసలు పని. ఎంత విలువైన కాగితమైనా ఆ నాలుగు ముక్కలు సరిగ్గా రాయకపోతే దాన్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి దొరకదు.

నేను ఈ దేశానికి వచ్చింది హెచ్-4 మీద, అంటే హెచ్-1 ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా మీద. 2015 దాకా హెచ్-4 వాళ్ళకి ఉద్యోగం చేసే హక్కు లేదు. ఆ ఏడాది మేలో రూలు మారి, హెచ్-1 మీద ఉన్నవాళ్ళ గ్రీన్‌కార్డ్ దరఖాస్తు ఒక దశ దాటితే వాళ్ళ భార్యకో భర్తకో వర్క్ పర్మిట్ ఇవ్వడం మొదలుపెట్టారు. చదువుకి మాత్రం ముందు నుంచీ అడ్డు లేదు కాబట్టి, ఆ లోపల లైబ్రరీ సైన్స్‌లో మాస్టర్స్ చేశాను. జీతం సాఫ్ట్‌వేర్ జీతాలకి దరిదాపుల్లో ఉండదు. ఈ రంగంలో చాలా పోస్టులు గ్రాంట్ డబ్బుతో నడుస్తాయి, గ్రాంట్ అయిపోతే పోస్టూ అయిపోతుంది. ఆ టెన్షన్ అందరికీ ఉంటుంది, వీసా మీద ఉన్నవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ. అయినా ఈ పని వదిలి ఇంకోటి చేయాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

పెట్టెలుండే గదిలో కిటికీలు ఉండవు. ఏడాది పొడుగునా చలి ఒకటే, తేమ ఒకటే. బయట జులై ఎండ మండిపోతున్నా లోపల స్వెటర్ వేసుకోవాల్సిందే. కాగితానికి వేడీ చేటే, హెచ్చుతగ్గులూ చేటే. కాగితం గురించి ఇక్కడికి వచ్చాక తెలిసిన సంగతి ఒకటి ఇప్పటికీ నన్ను ఆశ్చర్యపరుస్తుంది. 1840ల నాటి ఉత్తరం తెల్లగా, గట్టిగా ఉంటుంది. 1920ల నాటిది గోధుమ రంగుకి తిరిగి, మడత విప్పితే చాలు అంచులు రాలిపోతుంది. పాత కాగితం గుడ్డపేలికలతో చేసింది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి కలప గుజ్జు వాడకం పెరిగింది, దాంట్లో ఉండే ఆమ్లమే కాగితాన్ని లోపల్నించి తినేస్తుంది. అందుకే ఆమ్లం లేని ఫోల్డర్లలో, ఆమ్లం లేని బూడిద రంగు పెట్టెల్లో పెడతాం. తుప్పు పట్టిన గుండుసూదులు, క్లిప్పులు పల్చటి రేకు ముక్క దూర్చి ఒక్కొక్కటే తీస్తాం.

రీడింగ్ రూమ్‌కి వచ్చేవాళ్ళు బ్యాగులు లాకర్లో పెట్టి రావాలి. పెన్ను ఒప్పుకోం, పెన్సిల్ మాత్రమే. ఒక్కో ఫోల్డరే బయటికి తీయాలి, లోపలి కాగితాల వరుస మార్చకూడదు. సినిమాల్లో చూపించినట్టు తెల్ల గ్లౌజులు కాగితాలకి వాడం. గ్లౌజులతో వేళ్ళకి స్పర్శ తెలియదు, చిరిగే ప్రమాదం ఎక్కువ. శుభ్రంగా కడిగి తుడుచుకున్న చేతులు చాలు. ఫోటోలకి మాత్రం గ్లౌజులు తప్పనిసరి, వేలిముద్ర పడితే ఇక పోదు.

కాగితాలు అమర్చడానికి ఈ వృత్తిలో పాత సూత్రం ఒకటుంది. ఒక మనిషి కాగితాలు ఇంకో మనిషి కాగితాలతో కలపకూడదు, ఆ మనిషి పెట్టుకున్న వరుస మార్చకూడదు. ఇండియా ఉత్తరాలన్నీ ఒక చోట, వంటల కాగితాలన్నీ ఒక చోట పెడితే బాగుంటుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేస్తే ఎవరు దేని పక్కన దేన్ని దాచుకున్నారో తెలియకుండా పోతుంది. భర్త చనిపోయినట్టు వచ్చిన టెలిగ్రామ్‌ని ఒకావిడ తన ఇంటి ఖర్చుల పుస్తకంలో ఆ నెల పేజీల మధ్య పెట్టుకుంటే అది అక్కడే ఉండాలి.

మాది లూథరన్ మూలాలున్న కాలేజీ, అంటే ప్రొటెస్టంట్ క్రైస్తవుల్లో ఒక శాఖవాళ్ళు పెట్టింది. ఆ మాట మొదట్లో నేను పట్టించుకోలేదు. పుట్టి పెరిగింది గుంటూరు జిల్లాలో అయినా ఈ రెంటికీ ఉన్న సంబంధం నాకు తట్టలేదు. పెన్సిల్వేనియా లూథరన్‌లు ఇక్కడి నుంచి మొదట పంపిన మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరు చేరింది 1842 జులై 31న. డాక్టర్ అన్నా కుగ్లర్ కూడా పెన్సిల్వేనియావిడే. ఫిలడెల్ఫియాలోని విమెన్స్ మెడికల్ కాలేజీలో 1879లో పట్టా తీసుకుని, 1883లో గుంటూరు వచ్చింది. 1897లో ఆవిడ తెరిచిన ఆసుపత్రికి తర్వాత ఆవిడ పేరే పెట్టారు. గుంటూరు వాళ్ళకి కుగ్లర్ ఆసుపత్రి గురించి నేను చెప్పక్కర్లేదు. ఇక్కడి సంగతి ఫోన్లో చెబితే మా పెద్దమ్మ, "నేను పుట్టింది ఆ ఆసుపత్రిలోనే కదే, ఆ కాగితాలు నీ దగ్గరికొచ్చాయా!" అంది. కుగ్లర్ కాగితాలు కావు పెద్దమ్మా, ఆ మిషన్‌లోనే పని చేసిన ఇంకో కుటుంబానివి అని చెప్పాను. "ఎవరివైతే ఏంలే, జాగ్రత్తగా చూడు" అంది.

ఆ కుటుంబం కాగితాలు చాలా ఏళ్ళ కిందటే కాలేజీకి వచ్చాయి. చేతులు ఖాళీ లేక, స్థూలంగా ఒక జాబితా రాసి పక్కన పెట్టారు. ఇది అన్ని ఆర్కైవ్స్‌లోనూ ఉండే సమస్యే. వచ్చే పెట్టెలు వస్తూనే ఉంటాయి, చూసే మనుషులు తక్కువ. ఈ వెనకబాటు గురించి మార్క్ గ్రీన్, డెనిస్ మైస్నర్ అనే ఇద్దరు ఆర్కైవిస్టులు 2005లో రాసిన వ్యాసం ఈ వృత్తిలో అందరికీ తెలుసు. ప్రతి కాగితాన్నీ ముట్టుకుంటూ కూర్చోవద్దు, ముందు పైపైన అయినా వివరం రాసి జనానికి తెరవండి అన్నది దాని సారాంశం. ఆ వాదనతో నాకు చాలావరకు ఏకీభావమే. మూసి ఉన్న పెట్టె కంటే సగం వివరంతో తెరిచిన పెట్టె నయం. కానీ ఎవరి వివరాలు ఆ సగంలోకి వస్తాయి, ఎవరివి మిగిలిపోతాయి అన్నది కూడా చూడాలి. ఇంగ్లీషులో ఉన్నది సులువుగా జాబితాకి ఎక్కుతుంది. తెలుగులో ఉన్నది "స్థానిక భాషలో కాగితాలు" అయిపోతుంది. మా జాబితాలో సరిగ్గా అలాగే ఉంది.

ఆ పెట్టెలు నాకు అప్పగించినప్పుడు మొదట చదివినవి ఇంగ్లీషు ఉత్తరాలే. అమెరికాలో చందాలిచ్చేవాళ్ళకి రాసినవి చాలా ఉన్నాయి. చందాలు రావాలంటే దయ పుట్టాలి కాబట్టి మన ఊళ్ళు చీకట్లో ఉన్నట్టు, మన ఆడవాళ్ళకి ఏమీ తెలియనట్టు రాసిన పేజీలు బోలెడు. చదువుతుంటే కోపం వచ్చేది. మా హెడ్ ఆర్కైవిస్ట్ ఒకరోజు వచ్చి, ఇబ్బందిగా ఉంటే ఈ కలెక్షన్ వేరేవాళ్ళకి ఇస్తాను, ఏమీ అనుకోను అన్నారు. వద్దన్నాను. ఇవి నేనే చదవాలి అన్నాను. ఆ పేజీల్లోనే బియ్యం ధరలున్నాయి, కలరా వచ్చిన వీధులున్నాయి, కాలవలో నీళ్ళు ఎప్పుడొచ్చాయో ఉంది, బడికి వచ్చిన పిల్లలు ఏ కులం వాళ్ళో, వాళ్ళని ఎవరు అడ్డుకున్నారో ఉంది. దళిత కుటుంబాల చరిత్ర రాసేవాళ్ళకి ఇలాంటి కాగితాల్లో తప్ప ఇంకెక్కడా దొరకని సమాచారం ఉంటుంది. రాసినవాళ్ళ ఉద్దేశం ఏదైనా, కాగితంలో వాళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువే మిగిలింది.

ఆల్బమ్‌లో ఒక ఫోటో ఉంది. మధ్యలో కుర్చీలో అమెరికన్ ఆవిడ, చుట్టూ నిలబడి నలుగురు తెలుగు ఆడవాళ్ళు. కింద ఇంగ్లీషులో ఆవిడ పేరు, పక్కన "నేటివ్ బైబిల్ విమెన్" అని ఉంది, అంటే ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి బైబిల్ చెప్పే స్థానిక స్త్రీలు. కేటలాగ్‌లోనూ అదే ఎక్కించారు. ఫోటో అంటించలేదు, మూలల్లో కాగితపు పట్టీలతో నిలబెట్టి ఉంది. తీసి వెనక్కి తిప్పితే పెన్సిల్‌తో, గుండ్రటి తెలుగులో నాలుగు పేర్లున్నాయి, పక్కన ఊళ్ళ పేర్లు. మా వైపు ఇప్పటికీ పెట్టుకునే పేర్లే. ఒక ఊరు మా అమ్మమ్మగారి ఊరికి దగ్గర. ఎవరు రాశారో తెలియదు. రాసింది తెలుగు రాయడం అలవాటున్న చెయ్యి అని మాత్రం అక్షరాలు చూస్తే తెలుస్తుంది. ఇన్నేళ్ళుగా ఆ పేర్లు అక్కడే ఉన్నాయి. చదవగలిగిన మనిషి ఈ గదిలోకి రాలేదు, అంతే.

ఫిలడెల్ఫియాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ దగ్గర, కుగ్లర్ చదివిన ఆ పాత మెడికల్ కాలేజీ కాగితాలు ఉన్నాయి. అందులో 1885లో తీసిన ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ డాక్టరీ చదివిన మన ఆనందీబాయి జోషి, జపాన్ నుంచి కేయి ఒకామి, సిరియా నుంచి సబత్ ఇస్లాంబూలీ, ముగ్గురూ తమ తమ దేశాల దుస్తుల్లో కూర్చుని ఉంటారు. ఫోటో కిందే ఒక్కొక్కరి పేరు, ఊరు, దేశం రాసి ఉంటాయి. స్పెల్లింగులు ఇప్పుడు మనం రాసేలా లేవు. అయినా పేరంటూ ఉంది కాబట్టే ఆ ముగ్గురి కథలూ వెతికి రాసేవాళ్ళు పుట్టారు. మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హెర్స్ట్ లైబ్రరీలో అమెరికా నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన రచయిత డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ కాగితాలున్నాయి. 1946లో అంబేడ్కర్ ఆయనకి రాసిన ఉత్తరం, డుబాయిస్ ఇచ్చిన జవాబు వాటిలోనే ఉన్నాయి. అమెరికా నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి కావాలని అంబేడ్కర్ అడిగారు. భారీ సంఖ్యలో ఉన్న ఆ ఉత్తరాల్లో దాన్ని రాసినవారి పేరుతో నమోదు చేసిన మనిషి ఎవరో ఉన్నారు. ఇవాళ గుంటూరులో కూర్చున్న విద్యార్థి ఫోన్లో అంబేడ్కర్ పేరు కొట్టి ఆ కాగితం చూడగలుగుతున్నది ఆ మనిషి వల్లే.

మా కేటలాగ్‌లో మార్పు చేయడం వెంటనే అయిపోలేదు. పాత శీర్షిక చెరిపేయకూడదు, అప్పటివాళ్ళు ఎలా చూశారన్నదానికి అదీ సాక్ష్యమే. దాన్ని కొటేషన్లలో ఉంచి, కింద నలుగురి పేర్లూ తెలుగు లిపిలో, మళ్ళీ రోమన్ లిపిలో ఇచ్చాం. మిషన్ కాగితాల్లో గుంటూరు స్పెల్లింగ్ రెండు ఓలతో ఉంటుంది, ఇప్పటి స్పెల్లింగ్‌తో వెతికితే అవి తగలవు. అందుకని ఊళ్ళ పేర్లన్నీ పాత రూపం, కొత్త రూపం రెండూ పెట్టాం. ఏది ఎప్పుడు, ఎందుకు మార్చామో కూడా నోట్ రాసి పెట్టాం. "స్థానిక భాషలో కాగితాలు" అన్న ఫోల్డర్‌లో తీరా చూస్తే ఒక బడి హాజరు పట్టీ, కొన్ని కీర్తనలు, అప్పు అడుగుతూ ఒక టీచరు రాసిన ఉత్తరం ఉన్నాయి. ఇప్పుడు మూడింటికీ విడివిడిగా వివరాలున్నాయి. ఆ నాలుగు పేర్ల స్కాన్ గుంటూరులో చర్చి రిజిస్టర్లు తెలిసిన ఒక పెద్దాయనకి పంపాను, ఇద్దరి కుటుంబాల జాడ దొరకొచ్చు అన్నారు. ఆ పని ఇంకా నడుస్తోంది.

ఇదంతా నూటపాతికేళ్ళ కిందటి సంగతి అనుకోవద్దు. 1960ల్లో, 70ల్లో ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్ళ కాగితాలు ఇప్పుడు బేస్‌మెంట్లలో ఉన్నాయి. నీలం రంగు ఏరోగ్రామ్‌లు, తెలుగు సంఘాల సావనీర్లు, చేతిరాత పత్రికలు, పిల్లల మాటలు రికార్డు చేసి అమ్మమ్మకి పంపిన క్యాసెట్లు. అప్పటి పెద్దలు ఇల్లు అమ్మి చిన్న అపార్ట్‌మెంట్లకి మారుతుంటే ఇవి చెత్తలోకి పోతున్నాయి. పిల్లలకి తెలుగు చదవడం రాదు కాబట్టి ఏది పారేస్తున్నారో వాళ్ళకీ తెలియదు. మా ఊళ్ళో ఒక పెద్దాయన పోయాక ఆయన భార్య ఒక సూట్‌కేసు తెచ్చి, "వీటిలో చూసేదేముందమ్మా, ఇంటి గొడవలే" అన్నారు. ఇంటి గొడవలు ఇప్పుడే ఎవరికీ చూపించక్కర్లేదని, ఫలానా ఏడాది దాకా తెరవకూడదని ఒప్పందంలో రాసుకోవచ్చని చెప్పాను. ఆవిడకి ఆ సంగతి తెలియదు. తెలిశాక సూట్‌కేసు వదిలి వెళ్ళారు.

మీ ఇంట్లోనూ అలాంటి పెట్టె ఉంటే పారేసే ముందు దగ్గర్లో ఉన్న కాలేజీ ఆర్కైవ్స్‌కి ఒక ఈమెయిల్ రాయండి. వాళ్ళు తీసుకోలేకపోతే ఎవరు తీసుకుంటారో చెబుతారు. ఫిలడెల్ఫియా నుంచి నడిచే సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్, సాదా అంటారు, 2008 నుంచి ఇదే పని మీద ఉంది. వాళ్ళు స్కాన్ చేసుకుని అసలు కాగితాలు మీకే తిరిగి ఇస్తారు. ఇవ్వడం ఇష్టం లేకపోతే మీ దగ్గరే ఉంచుకోండి, కానీ బేస్‌మెంట్‌లో, అటక మీద మాత్రం వద్దు, పడగ్గది అల్మారాలో పెట్టండి. ఉత్తరాలకి రబ్బరు బ్యాండ్లు వేయకండి. అమ్మానాన్నలు ఉండగానే పక్కన కూర్చుని ఫోటోలు ఒక్కొక్కటే అడగండి. వెనక, అంచు దగ్గర, మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా పేరు, ఊరు, ఏడాది తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. బాల్ పెన్ వాడకండి, దాని ఒత్తిడి ముందువైపు బొమ్మ మీద తేలుతుంది.