గాయం మానింది, గుండె సంగతి చూశారా?

సైనిక్‌పురి, అల్వాల్, మల్కాజ్‌గిరి వైపు నలుగురు మాజీ ఫౌజీలు కలిస్తే పెన్షన్ ముచ్చట్లు, క్యాంటీన్ ముచ్చట్లు, మోకాళ్ల నొప్పులు. ఎవరికో ఒకరికి స్టెంట్ పడేదాకా గుండె మాట రాదు. శ్రీలంకలోనో, కార్గిల్‌లోనో గాయపడి వచ్చినవాళ్లు మాత్రం అంతదాకా ఆగకూడదు. అఫ్ఘానిస్తాన్‌లో పనిచేసిన 1,145 మంది బ్రిటిష్ సైనికుల్ని ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, గాయపడనివాళ్ల కంటే గాయపడ్డవాళ్ల రక్తనాళాలు ఎక్కువ బిరుసెక్కి ఉన్నాయి, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ కూడా ఎక్కువగా ఉంది. గాయం ఎంత పెద్దదైతే తేడా అంత ఎక్కువ.

చిక్కేమిటంటే, మామూలు చెకప్‌లోని కొలతలన్నీ అవయవాలు సరిగ్గా ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసినవి.

బరువే తీసుకోండి. మోకాలి కింద కాలు పోతే ఒంటి బరువులో సుమారు 6 శాతం పోయినట్టు లెక్క. కృత్రిమ కాలు విప్పి తూగితే 70 కిలోలు వచ్చాయనుకుందాం. ఎత్తు 170 సెంటీమీటర్లయితే బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే అంకె) 24.2 అని రాసి పంపేస్తారు. పోయిన కాలి బరువు కూడా కలవాలంటే 70ని 0.94తో భాగించాలి. 74.5 వస్తుంది, అప్పుడు బీఎంఐ 25.8. మనవాళ్లకు 25 దాటితే స్థూలకాయమే. ఈ లెక్కను ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) నడిపే ప్రతి పాలీక్లినిక్‌లో బరువు మిషన్ పక్కన గోడకి అంటించాలి. రెండు కాళ్లూ పోయినవాళ్లకైతే సర్వీసు రికార్డులోని పాత ఎత్తు వాడాలి. ఇదంతా తలనొప్పి అనుకుంటే నడుముకి టేపు చుట్టండి. 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాల్సిందే.

బీపీలో ఇంకో మోసం. చంకకర్రలు, వీల్‌చైర్ వాడి వాడి చేతులు బలిసి ఉంటాయి. మామూలు పట్టీ 32 సెంటీమీటర్ల చుట్టుకొలత వరకే. అంతకంటే లావు చేతికి దాన్నే చుడితే, లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. పెద్ద పట్టీ అడిగి చుట్టించుకోండి. వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చున్నాకే చూడాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. ఇంట్లోనైతే వారం రోజులు పొద్దున, సాయంత్రం రెండేసి సార్లు చూసి, మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగతావాటి సగటు తీయండి. 135/85 దాటితే డాక్టరుకు చూపించాలి.

వెన్నుపాముకి ఛాతీ పైభాగంలో గానీ, మెడ దగ్గర గానీ దెబ్బ తగిలినవాళ్ల సంగతి వేరు. వాళ్ల మామూలు పై బీపీయే 90–110 ఉండొచ్చు. అలాంటివాళ్లకి ఉన్నట్టుండి 140 వచ్చి, తల పగిలిపోతూ, మొహమంతా చెమట పడితే అది అత్యవసరం. వెంటనే నిటారుగా కూర్చోబెట్టండి, బెల్టు వదులు చేయండి, మూత్రం పైపు మడత పడిందేమో చూడండి. చాలాసార్లు కారణం ఆ మడతే. పైపు సరిచేసినా తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

నొప్పి మాత్రలు: మొండి నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని నెలల తరబడి మింగేవాళ్లు ఎంతమందో. అది బీపీ పెంచుతుంది, గుండెపోటు ముప్పు పెంచుతుంది. టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్ర, ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకుంటూ దీన్నీ కలిపితే కిడ్నీల మీదా పడుతుంది. నరాల నొప్పికి వేరే మందులున్నాయి, అడగండి.

మనసు దగ్గర అంకెల్లేవు. “బాగానే ఉన్నాను డాక్టర్ సాబ్” అనేస్తే ఫైలు మూసేస్తారు. పక్కనున్న ఇల్లాలిని అడిగితే తెలుస్తుంది: దీపావళి వస్తే తలుపులేసుకుని కూర్చుంటారని, రాత్రి రెండింటికి లేచి తాళాలు చూసుకుంటారని, రెండు పెగ్గుల రమ్ము లేనిదే కన్ను మూతపడదని. రమ్ము నిద్ర పట్టిస్తుంది గానీ తెల్లవారుజామున చెడగొడుతుంది, గుండె లయ కూడా తప్పిస్తుంది. ఆ బ్రిటిష్ అధ్యయనంలోనే ఇంకో మాట తేలింది. అవయవం కోల్పోయినవాళ్ల మానసిక స్థితి గాయపడనివాళ్లతో దాదాపు సమానం. ఎక్కువ బాధపడుతున్నది గాయపడి కూడా కాళ్లూ చేతులూ మిగిలినవాళ్లు. బయటికి కనిపించని గాయాన్ని ఎవరూ పలకరించకపోవడమే కారణమని నా అనుమానం.

పీడకలలకి ప్రాజోసిన్ రాస్తే, అది బీపీని కూడా తగ్గిస్తుంది కాబట్టి ముందే బీపీ మాత్రలు వాడుతున్నామని చెప్పాలి. మొదటి మోతాదుకి లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. కృత్రిమ కాలు విప్పేసి చీకట్లో బాత్‌రూమ్‌కి వెళ్లేవాళ్లు పడతారు. కొన్నాళ్లు మంచం పక్కనే యూరిన్ బాటిల్ పెట్టుకోండి.

మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416. ఏ వేళైనా చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఛాతీ బిగిస్తే అది ఆందోళనా, గుండెపోటా అని ఇంట్లో తేల్చుకోవద్దు. ఈసీజీ తీస్తేనే దారి తెలుస్తుంది. ఈసీహెచ్‌ఎస్ రిఫరల్ కోసం పాలీక్లినిక్‌లో క్యూ కట్టేది మామూలు రోజుల్లో. ఇలాంటప్పుడు దగ్గర్లోని ఆసుపత్రికే వెళ్లండి. అది ఎంపానెల్ లిస్టులో (ఈసీహెచ్‌ఎస్‌తో ఒప్పందమున్న ఆసుపత్రుల జాబితాలో) లేకపోతే 48 గంటల్లో పాలీక్లినిక్‌కి కబురు చేయాలి. ఈసీహెచ్‌ఎస్ కార్డు ఫొటో ఇంటావిడ ఫోన్లో కూడా ఉంచండి.