ఫైటర్ పిల్ల తిండి పట్టేదాకా: 14 రోజుల లెక్క

చేప: 2 సెంటీమీటర్ల ఫైటర్ (బెట్టా) పిల్ల, చెన్నైలో అలంకార చేపల వ్యాపారానికి పేరున్న కొళత్తూరు నుంచి వచ్చింది. ట్యాంకు 15 లీటర్లు, మూత ఉంది. పాత ట్యాంకులో నెలరోజులు నడిచిన స్పాంజ్ ఫిల్టర్. నీళ్లు మెట్రో వాటర్, క్లోరిన్ తీసే మందు వేసినవి. వేడి 28 డిగ్రీలు.

1వ రోజు: సంచిని 20 నిమిషాలు తేలనిచ్చి, ట్యాంకు నీళ్లు కొద్దికొద్దిగా కలిపి, చేపను మాత్రమే వదలడం. సంచి నీళ్లు పారబోత. లైటు లేదు, తిండి లేదు.

2వ రోజు: రెండు పెలెట్లు (మేత గింజలు) వేస్తే ఒకటి నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది, రెండోది చూడలేదు. ఉమ్మేస్తే చాలావరకు గింజ పెద్దదని అర్థం. అసలు చూడకుండా మూలన నిలబడితే ముందు నీళ్లనే అనుమానించాలి. ఆ రెండు గింజలూ రాత్రంతా అడుగున నానాయి.

3వ రోజు: ఆ నానిన తిండి కుళ్లితే పుట్టే అమోనియా 0.5 పీపీఎం (పది లక్షల పాళ్లలో అరపాలు), పీహెచ్ 8. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అమోనియా విషం ముదురుతుంది, చెన్నై ఎండల్లో ఇది మరీ ప్రమాదం. మిగిలిన తిండి సైఫన్‌తో లాగేసి 6 లీటర్లు మార్పు. బక్కెట్లో రాత్రంతా నిలబెడితే క్లోరిన్ పోతుంది గానీ క్లోరమైన్ (క్లోరిన్, అమోనియా కలిసినది) పోదు, మందు వేయాల్సిందే.

అదే సాయంత్రం, పిల్ల చేపకు కదిలే మేత కోసం ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే, రొయ్యలాంటి చిన్న జీవి) గుడ్లు పొదగేయడం: లీటరు నీటికి 25 గ్రాముల అయోడిన్ లేని కల్లుప్పు, చిటికెడు గుడ్లు, అడుగుదాకా ఎయిర్ ట్యూబు, పైన బల్బు.

4వ రోజు: 24 గంటలకు పొదిగాయి. గాలి ఆపి పది నిమిషాలాగితే పెంకులు పైకి, పిల్లలు అడుగుకు. సిరంజితో లాగి, పల్చటి గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. పెంకులు కలిస్తే పిల్ల చేపకు పొట్ట ఉబ్బుతుంది. కదిలేదాన్ని వదలదు కదా, రెండు నిమిషాల్లో పొట్ట నారింజ రంగుకు తిరిగింది. ఇక రోజుకు మూడుసార్లు, పొట్ట కాస్త గుండ్రం అయ్యేదాకా మాత్రమే. పొదిగిన కొన్ని గంటలకే వాటిలో సత్తువ తగ్గుతుంది కాబట్టి రోజూ కొత్తవి కావాలి. మంచినీటిలో ఎక్కువసేపు బతకవు, మిగిలినవి మళ్లీ అమోనియాయే. ట్యూబిఫెక్స్ తేలిగ్గా దొరుకుతాయి గానీ మురుగులో పెరిగే పురుగులు పిల్ల చేపకు వద్దు.

7వ రోజు: పెలెట్‌ను అర మిల్లీమీటరుకు నలిపి, రెండు నిమిషాలు నానబెట్టి, ఉదయం ఆకలి మీద ఉన్నప్పుడు మొదట అదే. తినకపోతే తీసేసి ఆర్టీమియా. మూడు రోజులు ఉమ్మింది, 10వ రోజు మింగింది.

11వ రోజు: రెక్కలు ముడుచుకుంది. టార్చి వేసి చూస్తే ఒంటిమీద బంగారు పొడి లేదు, అంటే వెల్వెట్ అనే చేపల జబ్బు కాదు. మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లు పోయడమే తప్పు, అవి 34 డిగ్రీలు. మందులేమీ వేయలేదు. ఇకపై వారానికి రెండుసార్లు, 3 లీటర్లు, తెల్లవారుజామున పట్టినవే.

14వ రోజు: 2.3 సెంటీమీటర్లు. ఉదయం, సాయంత్రం పెలెట్, మధ్యాహ్నం ఆర్టీమియా. అమోనియా సున్నా. వారానికో ఉపవాసం పెద్ద చేపకే, ఈ వయసులో వద్దు.