కువైట్‌లో జీతం ఆగితే షామియానా వెయ్యలేం, మరి ఏం చెయ్యాలి?

తిరుపతిలో మునిసిపల్ కార్మికులకో కాంట్రాక్టు కార్మికులకో జీతం ఆగితే ఏం జరుగుతుందో ఊళ్లో అందరికీ తెలిసిందే. ఆఫీసు ముందు షామియానా పడుతుంది, ఎర్రజెండాలు లేస్తాయి, సీఐటీయూ వాళ్లో ఏఐటీయూసీ వాళ్లో మైకు పట్టుకుంటారు, నాలుగు రోజులకో వారానికో అధికారులు చర్చలకు పిలుస్తారు. పీలేరు, కలికిరి, వాయల్పాడు వైపు నుంచి కువైట్ పొయ్యేవాళ్లు ఇది చూస్తూ పెరిగినవాళ్లే. అందుకే అక్కడ రెండు నెలలు జీతం రాకపోతే క్యాంపులో ముందుగా వచ్చే మాట ‘అందరం కలిసి పని ఆపేద్దాం’ అని. ఆ ఆవేశం న్యాయమైనదే. కానీ అక్కడి చట్టం ప్రకారం రావాల్సిన డబ్బుకు గండి పడేది సరిగ్గా అక్కడే.

కువైట్‌లో కార్మిక సంఘాలు లేవని కాదు. 1962 నాటి రాజ్యాంగంలోని 43వ అధికరణం సంఘాలు పెట్టుకునే స్వేచ్ఛ ఇచ్చింది. అక్కడి కార్మిక సంఘాల సమాఖ్య 1968లో ఏర్పడింది. అయితే ప్రైవేటు రంగానికి వర్తించే 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం సంఘం పెట్టుకునే హక్కును కువైటీ కార్మికుల పేరునే రాసింది. రాజకీయ పార్టీలకైతే చట్టంలో గుర్తింపే లేదు. గల్ఫ్ అంతా ఒకటే అనుకోవడం కూడా తప్పు. బహ్రెయిన్‌లో నేషనల్ లిబరేషన్ ఫ్రంట్ అనే కమ్యూనిస్టు పార్టీ 1955లోనే పుట్టింది, 2002లో ఆ దేశం యూనియన్లకు చట్టం చేసింది. సౌదీలో, యూఏఈలో యూనియన్లకు చోటే లేదు. కాబట్టి బహ్రెయిన్ రాజధాని మనామాలో పనిచేసే బంధువు చెప్పిన సలహా కువైట్‌లో పనికిరాదు.

పని ఆపితే ఏమవుతుందో చూద్దాం. కార్మిక చట్టం 42వ అధికరణం ప్రకారం సరైన కారణం చూపకుండా వరసగా 7 రోజులు గానీ, ఏడాదిలో విడివిడిగా 20 రోజులు గానీ పనికి రాకపోతే ఆ మనిషి రాజీనామా చేసినట్టు లెక్కించే వీలు యజమానికి ఉంది. అంటే మనం సమ్మె అనుకున్నది కంపెనీ ఫైల్లో గైర్హాజరుగా ఎక్కుతుంది. అది చాలదన్నట్టు మందూబ్, అంటే కంపెనీ తరఫున ఆఫీసుల పనులు చూసే మనిషి, పోయి పరారీ కేసు (పని వదిలి పారిపోయాడని) పెడితే అఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, చిక్కుల్లో పడుతుంది. ఇక రోడ్డు మీద గుమిగూడడం గురించి చెప్పాలంటే, 1979 నాటి 65వ నంబరు చట్టం ఊరేగింపుల్లో, ప్రదర్శనల్లో విదేశీయులు పాల్గొనడాన్ని నిషేధించింది. దానికి శిక్ష తిరుగు విమానం ఎక్కించడం దాకా పోతుంది.

రాజీనామా అని రాస్తే, పని ముగిసినప్పుడు రావాల్సిన సర్వీసు డబ్బులో (గ్రాట్యుటీలో) నష్టం ఎంతో లెక్క వేస్తే గానీ అర్థం కాదు. నెలకు 130 దీనార్ల జీతం, 8 ఏళ్ల సర్వీసు అనుకుందాం. రోజు కూలి తీయడానికి నెల జీతాన్ని 26తో భాగిస్తారు, 5 దీనార్లు వస్తుంది. మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 15 రోజుల కూలి, అంటే 75 చొప్పున 375. ఆ తర్వాతి 3 ఏళ్లకు ఏడాదికి ఒక నెల జీతం, అంటే 390. మొత్తం 765 దీనార్లు. అదే మనిషి రాజీనామా చేసినట్టయితే 5 నుంచి 10 ఏళ్ల సర్వీసుకు మూడింట రెండు వంతులే వస్తుంది: 510. మిగతా 255 దీనార్లు పోయినట్టే. 3 నుంచి 5 ఏళ్ల మధ్య రాజీనామాకు సగమే, 3 ఏళ్లు నిండకపోతే ఏమీ రాదు. 10 ఏళ్లు నిండినవాళ్లకు రాజీనామా చేసినా పూర్తిగా ఇవ్వాలి.

చాలామందికి తెలియని దారి ఒకటుంది. యజమాని ఒప్పందాన్ని గానీ చట్టాన్ని గానీ తప్పితే, నోటీసు లేకుండా పని మానుకుని పూర్తి డబ్బు అడిగే హక్కును 48వ అధికరణం కార్మికుడికి ఇచ్చింది. జీతం గడువు దాటాక 7 రోజుల కంటే ఆలస్యం చెయ్యకూడదన్నది కూడా చట్టంలో రాసిన మాటే. అయితే వరస తప్పకూడదు. ముందు షూన్‌లో, అంటే లేబర్ ఆఫీసులో, ఫిర్యాదు పడాలి. ఆ నంబరు చేతికి రావాలి. అప్పటిదాకా పనికి పోతూనే ఉండాలి. ఫిర్యాదు తేదీ ముందుండి పరారీ కేసు తేదీ తర్వాతదైతే, ఆ కేసు కక్షతో పెట్టిందని వాదించే అవకాశం ఉంటుంది. తేదీలు తారుమారైతే ఆ వాదన నిలబడడం కష్టం. షూన్‌లో రాజీ కుదరకపోతే నెల లోపు ఫైలు కోర్టుకు పోవాలి. కార్మికుడు కోర్టు ఫీజు కట్టనక్కరలేదు. పని ముగిసిన ఏడాది లోపు దావా పడకపోతే మాత్రం హక్కు చెల్లిపోతుంది. ‘వచ్చే నెల ఇస్తాం’ అనే మాట నమ్మి ఇంటికొచ్చేసినవాళ్లు పోగొట్టుకునేది ఈ ఏడాదినే.

ఇరవై మంది కలిసి పోవడం కంటే ఇరవై ఫిర్యాదులు పడడం మేలు. ఎవరి బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) నంబరు, ఎవరి జీతం, ఎన్ని నెలల బకాయి వాళ్లవే రాయాలి. మాట్లాడడానికి ఇద్దరు ముగ్గురు చాలు. ఒక్కొక్కరి దగ్గర ఉండాల్సినవి: ఇజిన్, అంటే వర్క్ పర్మిట్, కాపీ (అందులో రాసిన జీతమే షూన్ చూసే జీతం), జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు, రోజువారీ డ్యూటీ రాసిన నోటు పుస్తకం. ఓటీ, అంటే అదనపు గంటల పని, విషయానికి ఆ పుస్తకమే ప్రాణం. 130 దీనార్ల జీతానికి గంట కూలి 625 ఫిల్సులు (దీనారుకు 1000 ఫిల్సులు), ఓటీకి నాలుగో వంతు కలిపితే సుమారు 781. రోజుకు 2 గంటలు, ఏడాదికి 180 గంటలు మించి ఓటీ చేయించకూడదు. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో బయటి పని నిషేధం. ఆ వేళల్లో చేయించిన పనికి తేదీతో ఉన్న ఫోటో మంచి సాక్ష్యం.

సంతకాల దగ్గర ఎంత జాగ్రత్త పడినా తక్కువే. ఇక్కడ ఈమైగ్రేట్‌లో, అంటే విదేశాలకు పనికి పొయ్యేవాళ్ల వివరాలు నమోదు చేసే మన ప్రభుత్వ పోర్టల్లో, చూపిన ఒప్పందం ఒకటి, అక్కడ దిగాక అరబ్బీలో పెట్టించేది ఇంకొకటి అయితే, వివాదం వచ్చినప్పుడు చెల్లేది అరబ్బీదే. సెలవు మీద ఇంటికొచ్చే ముందు ‘టికెట్టు కోసం’ అని చెప్పి పెట్టించుకునే కాగితంలో ‘నా బాకీ అంతా ముట్టింది’ అని ఉండొచ్చు. అరబ్బీ చదవగలిగిన వాళ్లకు ఫోటో పంపి, చదివించుకున్నాకే సంతకం చెయ్యాలి. తెల్ల కాగితం మీద ఎవరడిగినా చెయ్యకూడదు.

ఇదంతా ప్రైవేటు కంపెనీల్లో పనికి ఇచ్చే 18వ నంబరు వీసా వాళ్ల సంగతి. ఇళ్లలో పనికి 20వ నంబరు వీసా మీద పోయే మన ఆడవాళ్లకు, డ్రైవర్లకు, వంటవాళ్లకు వర్తించేది 2015 నాటి 68వ నంబరు చట్టం. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, ఒప్పందం ముగిసేసరికి ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు. జీతం ఆలస్యం చేస్తే నెలకు 10 దీనార్లు అదనంగా ఇవ్వాలి. చట్టం బాగానే ఉంది. కానీ నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉన్న మనిషికి సాక్షి ఎవరు? ఫోను లాక్కుంటే ఫిర్యాదు ఎట్లా? వీళ్లకు సంఘం అవసరం అందరికంటే ఎక్కువ, దొరికేది అందరికంటే తక్కువ. అందుకే పోయే ముందే ఇజిన్, వీసా, ఒప్పందం, పాస్‌పోర్టు కాపీలు ఇంటి దగ్గర ఒక సెట్టు ఉంచాలి. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరు, ఇల్లున్న ప్రాంతం, బ్లాకు, వీధి నంబరు దిగిన వారంలోపే ఇంటికి చేరాలి. ఫోను మూగబోయిన రోజు ఇంటివాళ్లు మన విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్లో ఫిర్యాదు వెయ్యాలన్నా, ఎంబసీ వెతకాలన్నా ఆ అడ్రసే ఆధారం.

తిరుపతి, చిత్తూరు సంఘాల ఆఫీసులు చెయ్యగలిగిన పని ఇక్కడే చాలా ఉంది. గల్ఫ్‌కు పొయ్యేవాళ్ల కాగితాలు పోయే ముందే చదివి పెట్టడం, బకాయి లెక్క దీనార్లలో వేసి ఇవ్వడం, మదద్‌లో ఫిర్యాదు టైపు చేసి పెట్టడం. ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి అవసరమైన పాస్‌పోర్టు) మీద పొయ్యేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షల రూపాయలు వస్తాయి. పాలసీ కాగితం ఇంట్లో లేక ఆ డబ్బు అడగని కుటుంబాలు ఉండకూడదు. విజిట్ వీసా మీద పోతే ఆ బీమా కూడా ఉండదు, ఈమైగ్రేట్‌లో పేరూ ఉండదు.

కోర్టు కేసు నడుస్తుండగా ఇంటికి రావాల్సి వస్తే, బయలుదేరకముందే అక్కడి నోటరీ దగ్గర నమ్మకమైన మనిషికో లాయరుకో కేసు నడిపే, డబ్బు తీసుకునే అధికారం రాసి రావాలి. తిరుపతికి వచ్చాక రాయాలంటే ఇక్కడి నోటరీ, తర్వాత విదేశాంగ శాఖ, ఆపైన కువైట్ ఎంబసీ ముద్రలు వరసగా పడాలి. ఆ లోపు వాయిదాలు దాటిపోతాయి.