పట్నంలో మా ఆసు యంత్రం

సంక్రాంతి సకినాలు ఇంకా డబ్బాలో ఉండగానే మావాడు పట్టుబట్టాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. పల్లెటూళ్ల వాళ్లు సొంతంగా తయారుచేసిన యంత్రాలన్నీ హైదరాబాద్‌లో ఒక్కచోట పెట్టారని బడిలో సారు చెప్పారట. "ఆదివారం పోదాం అమ్మా, నానమ్మను గూడ తీస్కపోదాం" అని ఒకటే పోరు. మా ఆయనకు మగ్గం మీద చీర ఆఖరికి వచ్చింది, సోమవారం సావుకారుకు ఇవ్వాలి, రానన్నారు. ముగ్గురమే బయలుదేరాం.

ఆలేరులో పొద్దున్నే పుష్‌పుల్ రైలు ఎక్కాం. చలికి అత్తమ్మ శాలువా తల మీదుగా కప్పుకుని కిటికీ పక్కన కూర్చుంది. రాయగిరి రాగానే గుట్ట నర్సింహస్వామికి దండం పెట్టుకుంది. బీబీనగర్ దాటాక బోగీలో కాలు పెట్టే చోటు లేదు. సికింద్రాబాద్‌లో దిగి, తెచ్చుకున్న పులిహోర తిని, మెట్రో ఎక్కి మాదాపూర్ వైపు పోయాం. కదిలే మెట్ల దగ్గర అత్తమ్మ భయపడి నా చెయ్యి పట్టుకుంది, ఎడమ చేత్తో. కుడి భుజం ఆమెకు సరిగా లేవదు. మావాడు పుట్టినప్పటి నుంచి నానమ్మను అట్లాగే చూస్తున్నాడు. ఎందుకు లేవదని వాడు ఎన్నడూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

హాలు నిండా జనం. లోపలికి పోగానే ఒక రైతు పెట్టిన డబ్బా కనిపించింది. మోటారు స్టార్టర్‌కు పాత సెల్‌ఫోన్ తగిలించాడు. ఇంటి దగ్గర్నుంచి ఆ ఫోన్‌కు రింగ్ ఇస్తే చాలు, లోపల రిలే అనే స్విచ్ పడి బావి కాడ మోటారు నడుస్తుంది. చాలామంది ఒక చూపు చూసి పోతున్నారు, నాకు మాత్రం కాలు కదల్లేదు. మా తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టారు గానీ, అంతకుముందు ఏ అర్ధరాత్రో కరెంటు వస్తే టార్చిలైటు పట్టుకుని పొలానికి పోవాల్సిందే. మా పుట్టింటి వాడకట్టులో ఒకాయన అట్లా పోయి పాము కరిచి చనిపోయాడు. ఆయన భార్య నాతో బీడీలు చుట్టేది. ఆ డబ్బా అప్పుడు ఉండి ఉంటే అనిపించింది.

ఇంకో పక్కన మట్టి ఫ్రిజ్. గుజరాత్‌లో వాంకానేర్‌కు చెందిన మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి అనే కుమ్మరి కనిపెట్టాడు. కరెంటు అక్కర్లేదు. పైన నీళ్లు పోస్తే గోడల్లోకి ఊరి, ఆ తడి ఆరుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. మన రంజన్‌లో నీళ్లు చల్లబడే తీరే, కాకపోతే అందులో కూరగాయలూ పాలూ పెట్టుకోవచ్చు. అత్తమ్మ వేళ్లతో కొట్టి చూసి "మట్టి మంచిగ కాలింది" అంది.

నాలుగడుగులు వేశామో లేదో టకటకమని మాకు బాగా తెలిసిన చప్పుడు. మావాడు ఎగిరి గంతేశాడు. "నానమ్మా, మన మిషిన్!"

చీర నూలును మేకుల మీద పోసే యంత్రం, మా ఇంట్లో రోజూ నడిచే ఆసు యంత్రమే. 2008లో అప్పు చేసి కొన్నాం. దీన్ని చేసిన చింతకింది మల్లేశం గారిది మా ఆలేరు దగ్గరి శారాజీపేట. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఏడేళ్లు తిప్పలు పడి 1999లో యంత్రం పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ రోజు మా వాడకట్టంతా పండుగే.

మేం నిలబడి చూస్తుండగానే ఒక పెద్దాయన వచ్చి ఇది దేనికని అడిగాడు. నడిపిస్తున్న పిల్లగాడు "చీర డిజైన్‌కు సార్" అన్నాడు. ఆయన తలూపి వెళ్లిపోయాడు. ఇంకో ఇద్దరు ధర అడిగి పోయారు. నా ప్రాణం ఉసూరుమంది. ఇక్కత్ చీరకు పేక నూలు, అంటే అడ్డంగా నేసే నూలు మీద రంగు ఎక్కడ పట్టాలో, ఎక్కడ పట్టకూడదో నేతకు ముందే కట్టుకోవాలి. చిటికి కట్టడం అంటాం. అంతకంటే ముందు ఆ నూలును అర్ధచంద్రంలా నిలిపిన మేకుల మీద పోసుకోవాలి, అదీ ఆసు. నడిమి మేకు నుంచి చివరి మేకుకు, తిరిగి నడిమికి, మళ్లీ పక్క మేకుకు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు పోయి రావాలి, నాలుగైదు గంటల పని. మా ఇళ్లల్లో అది ఆడవాళ్ల పనే. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్తమ్మ నాకు మొట్టమొదట నేర్పింది ఆసు పోసుడే. యంత్రం వచ్చేదాకా మూడేళ్లు పోశాను. రాత్రి అన్నం ముద్ద ఎత్తితే భుజం జివ్వుమనేది. ఆమె ముప్పై ఏళ్లు పోసింది, రోజుకు రెండు చీరలకు.

అప్పుడే నలుగురైదుగురు కాలేజీ పిల్లలు వచ్చి, ఏమీ అర్థం కాక ఫొటో తీసుకుని కదలబోయారు. అత్తమ్మ శాలువా నా చేతికిచ్చి ముందుకు పోయింది.

"ఆగుండ్రి బిడ్డా. మిషిన్ రాకముందు మేం ఇట్ల పోసేటోళ్లం" అని చెయ్యి చాచింది.

చేతిలో పోగు లేదు, ఎదురుగా మేకుల్లేవు. అయినా బొటనవేలూ చూపుడువేలూ పోగు పట్టినట్టే కలిశాయి. చెయ్యి పైకి పోయి, కొసన మణికట్టు చిన్నగా తిరిగి, కిందికి వచ్చింది. మళ్లీ పైకి. ఒక్కో మేకు దగ్గర ఒక్కో తిరుగుడు, ఎక్కడా తప్పలేదు. పోగును మేకు చుట్టూ తిప్పే ఆ చిన్న మెలికను యంత్రంతో చేయించడమే మల్లేశం గారికి అన్నిటికంటే కష్టమైంది. పదీ పన్నెండు సార్లకు అత్తమ్మ చెయ్యి దానంతటదే దిగిపోయింది.

"ఇలా ఎన్నిసార్లు అమ్మమ్మా?" అని ఒక పిల్ల అడిగింది.

"చీరకు తొమ్మిది వేలు" అన్నాడు మావాడు. లెక్క వాడికి బడిలో చెప్పారు. చెయ్యిని మాత్రం ఆ రోజే చూశాడు. "నీ భుజం అందుకేనా నానమ్మా?" అన్నాడు మెల్లగా. ఆమె వాడి తల నిమిరింది.

యంత్రం పక్కన బోర్డు మీద మోటారు వివరాలున్నాయి, ధర ఉంది, చీరకు గంటన్నర పడుతుందని ఉంది. ఆ గంటన్నర ఎంత గొప్పదో బోర్డు చూస్తే తెలియదు. పక్కనే చేతి ఆసు చట్రం ఒకటి పెట్టి, వచ్చినవాళ్ల చేత యాభై సార్లు పోయించాలి. బయటికి వచ్చేటప్పుడు అభిప్రాయాల పుస్తకంలో అదే రాశాను. మా ఊళ్లో అటకల మీద పాత చట్రాలున్నాయి, అడిగితే తెచ్చిస్తామని కూడా రాశాను.

సాయంత్రం రైల్లో ఎలాగో సీటు దొరికింది. అత్తమ్మ కునుకు తీస్తోంది. మావాడు గాలిలో చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తూ గొణుగుతున్నాడు. మౌలాలి దాటేసరికి రెండు వందలు. చర్లపల్లి వచ్చేసరికి చెయ్యి మార్చాడు. ఘట్‌కేసర్‌కు ముందే ఆపి భుజం పట్టుకున్నాడు.

"ఎంతయింది?" అంది అత్తమ్మ, కళ్లు తెరవకుండానే.

"ఆరు వందల పది."

"సాలు తియ్ బిడ్డా" అని వాడి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఆలేరు వచ్చేదాకా వదల్లేదు.