కోకాపేటలో ఎకరం వంద కోట్లు, మరి జీడీపీ ఎంత పెరిగినట్టు?

డిగ్రీలో మాక్రో ఎకనామిక్స్ (దేశం మొత్తం ఎకానమీ ఎలా నడుస్తుందో చెప్పే సబ్జెక్ట్) అనగానే పిల్లలు మొదట చేసే పని కోఠీకెళ్ళి గైడు కొనుక్కోవడం, జీడీపీ (ఒక ఏడాదిలో దేశంలో కొత్తగా తయారైన వస్తువులు, సేవల మొత్తం విలువ) డెఫినిషన్ బట్టీ పట్టడం. హైదరాబాద్‌లో మా కాలనీలో బీకాం, బీఏ పిల్లలకి సాయంత్రాలు ఈ సబ్జెక్ట్ చెప్తుంటాను. మొదటి క్లాసులో డెఫినిషన్లు ఏవీ ముట్టుకోను, ఒక్క మాటే చెప్తా: ఒకళ్ళ ఖర్చు ఇంకొకళ్ళ ఆదాయం. ఇది బుర్రకెక్కితే సబ్జెక్ట్ సగం వచ్చేసినట్టే.

2020 లాక్‌డౌన్ గుర్తు చేసుకోండి. మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్ళలో ఉండే సాఫ్ట్‌వేర్ వాళ్ళు చాలామంది వర్క్ ఫ్రం హోం అని ఊళ్ళకి వెళ్ళిపోయారు. జీతం పడుతోంది, హాస్టల్ ఫీజు లేదు, టిఫిన్ ఖర్చు లేదు, ఆటో లేదు, నెలనెలా డబ్బులు మిగులుతున్నాయి. ఒక్కొక్కరి లెక్కలో చూస్తే అది మంచిదే కదా. కానీ ఆ మిగిలిన ప్రతి రూపాయి అంతకుముందు ఎవరికో వచ్చిన రూపాయి, హాస్టల్ ఓనర్‌కి, దోశ మాస్టర్‌కి, కర్రీ పాయింట్ నడిపే ఆవిడకి, రాత్రిళ్ళు షేర్ ఆటో తోలే అతనికి. వాళ్ళకి రాబడి ఆగితే వాళ్ళూ కొనడం ఆపేస్తారు, ఆవిడ కొత్త ఫ్రిజ్ వాయిదా వేస్తుంది, ఆ ఫ్రిజ్ షాపులో పిల్లాడి ఉద్యోగం పోతుంది. ఆ ఏడాది ఏప్రిల్-జూన్‌లో మన దేశ జీడీపీ అంతకుముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు పడిపోయింది. దుకాణాలు, ఫ్యాక్టరీలు మూతపడటం అసలు కారణం, నిజమే, కానీ దెబ్బ ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకిందో అర్థమవ్వాలంటే ఈ ఖర్చు-ఆదాయం గొలుసు పట్టుకోవాల్సిందే.

ఆర్థికవేత్త కీన్స్ 1936లో గట్టిగా చెప్పింది ఇదే. అందరూ ఒకేసారి పొదుపు మొదలుపెడితే అందరి ఆదాయాలూ పడిపోయి చివరికి పొదుపు కూడా పెరగకపోవచ్చు. ఇంట్లో రాబడి తగ్గితే ఖర్చు తగ్గించుకుంటాం కాబట్టి ప్రభుత్వం కూడా కష్టకాలంలో బిగించుకోవాలి అని చాలామంది అంటుంటారు, వినడానికి బానే ఉంటుంది, కానీ జనం చేతులు ముడుచుకున్న టైంలో ప్రభుత్వం కూడా ముడుచుకుంటే ఆ గొలుసుని లాగేవాళ్ళే ఉండరు. అలాగని ఎంతైనా అప్పు చేసేయొచ్చని కాదు, వడ్డీ కట్టాలి, అది వచ్చే బడ్జెట్లని తింటుంది. ఎప్పుడు ఖర్చు పెట్టాలి, దేనిమీద పెట్టాలి అన్నదే అసలు చర్చ.

ఇప్పుడు జీడీపీకి వద్దాం. 2023 ఆగస్టులో మన సిటీ శివారు కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్‌లో హెచ్ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) భూమి వేలం వేస్తే ఎకరం 100 కోట్లు దాటింది. పిల్లల్ని అడుగుతా, దీనివల్ల జీడీపీ ఎంత పెరిగింది అని. అందరూ వంద కోట్లు అంటారు. ఆ భూమి ధర నుంచి జీడీపీలోకి వచ్చేది సున్నా! ఆ భూమి నిన్నా ఉంది, ఈరోజూ ఉంది, చేతులు మారిందంతే, కొత్తగా తయారైంది ఏమీ లేదు. అదే అక్కడ టవర్ కడితే ఆ కట్టిన విలువ వస్తుంది, మధ్యలో ఎవరైనా ఏజెంట్ ఉంటే అతని కమీషన్ వస్తుంది, ఎందుకంటే అది ఈ ఏడాది చేసిన సేవ. సెకండ్ హ్యాండ్ బండి కొన్నా, షేర్లు కొన్నా ఇదే లెక్క. మన సిటీలో భూమి రేట్లు చూసి ఎకానమీ ఎంత పెరిగిందో చెప్పేసే అలవాటు బాగా ముదిరింది, అందుకే ఇంత సాగదీసి చెప్తున్నా. ఇంకోటి, అమ్మ ఇంట్లో వండిన పప్పు జీడీపీలో లేదు, అదే పప్పు కర్రీ పాయింట్‌లో కొంటే ఉంది. ఇది చిన్న లోటు కాదు, కోట్లమంది ఆడవాళ్ళ పని లెక్కకే రాకుండా పోతోంది.

ఇన్‌ఫ్లేషన్ అంటే ఏడాదిలో ధరలు ఎంత శాతం పెరిగాయి అన్నది, ఇందులో పిల్లలు తడబడేది ఒక్కచోటే. 2023 జూలైలో టమాటా మండిపోయి రిటైల్ ఇన్‌ఫ్లేషన్ 7.44 శాతం అయింది, సెప్టెంబర్‌కి 5.02కి దిగింది. ధరలు తగ్గాయా అంటే, టమాటా దిగడంతో జూలై కంటే కాస్త తగ్గాయి, కానీ జనం కొనే సరుకుల మొత్తం బుట్ట 2022 సెప్టెంబర్ కంటే 5.02 శాతం ఎక్కువే ఉంది, ఇన్‌ఫ్లేషన్ దిగడమంటే ఏడాదికి పెరిగే వేగం తగ్గడమే. మీకు నెలకి 20,000 వచ్చేది 21,000 అయి, ధరలు కూడా 5 శాతం పెరిగితే, మీరు కొనగలిగేది ఏమీ పెరగలేదు. చేతికొచ్చే అంకె నామినల్, దాంతో కొనగలిగేది రియల్, తేడా ఇదే.

మరి రిజర్వ్ బ్యాంక్ ఏం చేస్తుంది? 2016లో చట్టం మార్చి, ఇన్‌ఫ్లేషన్‌ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం లోపల ఉంచే పని దానికి అప్పగించారు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటుని (బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ) 4 శాతం నుంచి 6.5కి పెంచింది. బ్యాంకు కూడా అంతే పెంచిందనుకుందాం, 20 ఏళ్ళకి తీసుకున్న 50 లక్షల హోమ్ లోన్ మీద వడ్డీ 7 నుంచి 9.5 అయితే ఈఎంఐ దాదాపు 38,800 నుంచి 46,600 అవుతుంది. చాలా బ్యాంకులు ఈఎంఐ బదులు లోన్ గడువు పొడిగిస్తాయి, అది వేరే సంగతి. ఈఎంఐ పెరిగినవాళ్ళకి నెలకి 7,800 తగ్గింది, అంటే షాపులకి వెళ్ళే డబ్బు తగ్గింది, గిరాకీ చల్లబడింది. మళ్ళీ అదే గొలుసు, ఈసారి రిజర్వ్ బ్యాంక్ కావాలనే దాని వేగం తగ్గించిందన్నమాట.

కానీ వానలకి పంట పాడై టమాటా పెరిగితే రెపో రేటు ఏం చేస్తుంది? వడ్డీ పెంచితే టమాటాలు పండవు. అది సప్లై సమస్య, వేరే మార్కెట్ నుంచి లారీలు రావాలి, కోల్డ్ స్టోరేజీలు కావాలి. పేపర్లో ధరల వార్త కనపడితే ముందు ఇది డిమాండ్ వల్లా, సప్లై వల్లా అని అడగండి, మా పిల్లలతో ప్రతి నెలా 12కి ఇన్‌ఫ్లేషన్ లెక్కలు రాగానే నేను చేయించేది ఈ పనే.