కార్మికుల ఫ్యాక్టరీలో మిగులు ఎవరి ఖాతాలో రాయాలి?

కార్మికులే యజమానులైన సహకార సంఘం అనగానే ‘మనిషికో ఓటు’ దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఓటు ముఖ్యమే. కానీ సంఘం ముప్పయ్యేళ్లు నిలబడుతుందా, మామూలు కంపెనీగా మారిపోతుందా అన్నది తేలేది లెక్కల పుస్తకంలో.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1921లో 125 మంది తలా వెయ్యి డాలర్లు వేసుకుని ఒలింపియా వెనీర్ అనే ప్లైవుడ్ మిల్లు పెట్టారు. మిల్లు బాగా నడిచింది, చిక్కు అక్కడే వచ్చింది. లాభాలు చేరేకొద్దీ వాటా ధర కొత్త కార్మికుడు కొనలేనంత పెరిగింది. దాంతో వాటా లేని జీతగాళ్లను పెట్టుకుంటూ పోయారు. చివరికి మిగిలిన కొద్దిమంది వాటాదారులు 1954లో మిల్లును ఒక పెద్ద కార్పొరేషన్‌కు అమ్మేశారు. వాళ్లను తిట్టి లాభం లేదు. ముప్పయ్యేళ్ల కష్టార్జితం చేతికి రావాలంటే వాళ్లకు ఇంకో దారి లేకపోయింది.

ఆ దారి వేసింది స్పెయిన్‌ బాస్క్ ప్రాంతంలోని మోండ్రగోన్. అరిస్మెందియర్రియెతా అనే క్రైస్తవ గురువు దగ్గర చదువుకున్న ఐదుగురు యువకులు 1956లో స్టవ్వుల తయారీతో మొదలుపెట్టారు. ఇప్పుడు అది దాదాపు 80 సహకార సంఘాల సమాఖ్య. వాళ్లు సభ్యత్వాన్నీ పెట్టుబడినీ విడదీశారు. సభ్యత్వం అమ్మేదీ కొనేదీ కాదు, పనితో వచ్చి పనితోనే పోతుంది. పెట్టుబడి మాత్రం ఒక్కొక్కరి పేరున విడి ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతాలో ఎంత ఉన్నా ఓటు ఒక్కటే.

ఇరవైమంది కుట్టుపని యూనిట్ ఒకటి ఉందనుకుని లెక్క వేద్దాం. చేరేటప్పుడు ఒక్కొక్కరు 20,000 రూపాయలు కట్టాలి. ఒకేసారి కట్టలేనివాళ్లకు నెలకు 500 చొప్పున జీతంలో కోసుకుంటే 40 నెలల్లో తీరిపోతుంది. అందులో 3,000 ఉమ్మడి నిధికి, అది తిరిగి రాదు. 17,000 సొంత ఖాతాకు. జీతాల తేడా ముందే రాసుకోవాలి: కుట్టేవాళ్లు 14 మందికి 1 వంతు, కటింగ్ మాస్టర్లు నలుగురికి 1.5, లెక్కలూ ఆర్డర్లూ చూసే ఇద్దరికి 2. మొత్తం 24 వంతులు. (మోండ్రగోన్‌లో ఈ తేడా మొదట 1కి 3, ఇప్పుడు 1కి 6 దాకా వెళ్లింది. చిన్న యూనిట్‌కు 2 దాటనివ్వకపోవడమే మేలని నా అభిప్రాయం.)

ఏడాదికి 6 లక్షలు మిగిలాయనుకుందాం. మిగులు అంటే మెషీన్ల అరుగుదల తీసేశాకే. 8 లక్షల మెషీన్లు ఎనిమిదేళ్లు వస్తాయనుకుంటే ఏటా లక్ష ముందే పక్కన పెట్టాలి. ఇది మరిచిన సంఘం మొదటి మూడేళ్లూ లాభం పంచుకుని, ఓవర్‌లాక్ మెషీన్లు మూలపడే నాటికి అప్పు కోసం తిరుగుతుంది. ఆ 6 లక్షల్లో 10 శాతం, అంటే 60,000 శిక్షణకూ ఊరి పనులకూ. 45 శాతం, 2,70,000 ఎవరూ పంచుకోరాని ఉమ్మడి నిధికి. మిగతా 2,70,000 సభ్యుల ఖాతాలకు, వంతుకు 11,250 చొప్పున. ఆ డబ్బు చేతికివ్వరు, ఖాతాలో రాస్తారు. ఏటా చేతికొచ్చేది దాని మీద వడ్డీ మాత్రమే. అసలు యూనిట్ దగ్గరే పెట్టుబడిగా తిరుగుతుంది. బయటి వాటాదారు అవసరం తగ్గేది అందుకే.

నష్టం వచ్చినా దారి ఇదే. 2,40,000 నష్టమొస్తే సగం ఉమ్మడి నిధి భరిస్తుంది, సగం ఖాతాల్లో కోత, వంతుకు 5,000. ఈ మాట చేరే రోజే చెప్పాలి. ఖాతా పాసుబుక్కులా కనిపిస్తుంది గానీ అది బ్యాంకు డిపాజిట్ కాదు. 2013లో మోండ్రగోన్‌లోని ఫాగోర్ గృహోపకరణాల సంఘం దివాలా తీసినప్పుడు చాలామంది సభ్యులకు మిగతా సంఘాల్లో పని దొరికింది. ఖాతాల్లోని సొమ్ము మాత్రం పోయింది. అదనంగా అప్పిచ్చినవాళ్లు ఆ సొమ్ము కూడా పోగొట్టుకున్నారు. కాబట్టి సభ్యుల దగ్గర తీసుకునే అదనపు అప్పుకు ఒక పరిమితి రాసి పెట్టుకోవడం తప్పనిసరి.

రెండో ప్రమాదం అందరూ ఒకేసారి దిగిపోవడం. ఒకే ఏడు చేరినవాళ్లు దాదాపు ఒకే ఏడు రిటైరవుతారు. ఖాతా సొమ్మును ఐదు వార్షిక వాయిదాల్లో ఇస్తామని రాసుకుంటే యూనిట్‌కు ఊపిరి ఆడుతుంది. మరణం, జబ్బు అయితే వాయిదా లేకుండా ఇవ్వాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దీనికి అనువైనది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, వాడుకలో మ్యాక్స్ చట్టం. వేర్వేరు కుటుంబాల నుంచి పదిమంది ఉంటే రిజిస్టర్ చేసుకోవచ్చు. ప్రభుత్వ వాటా ఉండదు, బైలాస్ (సంఘం నడిచే నియమాలు) సభ్యులే రాసుకుంటారు. మోడల్ బైలాస్‌ను యథాతథంగా దించేస్తే పొదుపు సంఘం నిబంధనలు వచ్చి పడతాయి, వ్యక్తిగత ఖాతా మాట ఉండదు. ఖాతా, వంతులు, కోత, వాయిదాలు ఒక్కొక్కటీ విడి నిబంధనగా రాయించి, చార్టర్డ్ అకౌంటెంట్‌కు ముందే చూపించాలి.

ఇంకో నిబంధన కూలి మనుషుల గురించి. విదేశీ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లను సభ్యులుగా చేర్చుకోకపోవడం మోండ్రగోన్ మీద ఉన్న పెద్ద విమర్శ, అది న్యాయమైనదే. మన కుట్టు యూనిట్‌లో ఆ పరిస్థితి దసరా, సంక్రాంతి ఆర్డర్లప్పుడే మొదలవుతుంది. ఆరు నెలలు పనిచేసిన ఎవరికైనా సభ్యత్వం అడిగే హక్కు, సభ్యులు కానివాళ్లు పదిమందిలో ఒకరికి మించకూడదన్న లెక్క, మొదటి పండగ ఆర్డరు ఒప్పుకునే ముందే బైలాస్‌లో ఉండాలి.